మోటారక్క అడిగిన డబ్బు

ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా నీళ్ళ మోటారు గుర్రుమని ఆగిపోతే ఇంటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది మోటారక్క. ఆ వెంటనే గుర్తొచ్చేది ఆవిడ నోరు. పాడైన మోటారుని సంచిలో వేసుకుని బయల్దేరినవాళ్ళు కొట్టు మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, తిట్లు తినడానికి మనసు గట్టి చేసుకుని మరీ లోపలికి వెళ్ళేవాళ్ళు.

"నీళ్ళు లేకుండా గంటసేపు ఒట్టిగా తిప్పారు దీన్ని. అవునా, కాదా? కాదనకండి, కాయిల్ వాసన చెప్తోంది. మిమ్మల్ని గంటసేపు ఖాళీ పెనం మీద కూర్చోబెడితే ఎలా ఉంటుంది?"

ఆవిడ పలకరింపు అలా ఉండేది. మూత విప్పుతున్నంతసేపూ తిట్టేది. బేరింగు లాగుతూ బేరింగులమ్మే దుకాణంవాణ్ణి, తీగ తెంపుతూ కరెంటు ఆఫీసువాళ్ళని, చేతికి స్క్రూడ్రైవరు అందకపోతే దాన్ని కనిపెట్టినవాణ్ణి. కానీ పని మాత్రం అద్దంలా ఉండేది. ఆవిడ చేతిలోంచి వెళ్ళిన మోటారు మూడేళ్ళ దాకా మళ్ళీ కొట్టు ముఖం చూసేది కాదు.

కొట్టంటే పదడుగుల గది. తలుపు పక్కన బరువైన బల్ల, దానికి బిగించిన, మోటారుని కదలకుండా పట్టే వైసు, గోడ మేకులకి వేలాడే రాగి తీగ చుట్టలు, మూలన వార్నిష్ డబ్బా, వార్నిష్ పట్టించినవాటిని ఆరబెట్టడానికి ఒక పెద్ద బల్బు. కాలిన కాయిల్‌ని ఉలితో కోసి, గాడుల్లోంచి పాత తీగ లాగి, ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి, చెక్క అచ్చు మీద సరిగ్గా అన్నే చుట్లు కొత్త తీగ చుట్టి, గాడిగాడికీ కాగితం పెట్టి దింపాలి. ఒక్క చుట్టు తగ్గినా మోటారు వేడెక్కుతుంది. ఈ వైండింగ్ పనంతా ఆవిడ ఎవరి దగ్గరా చేరి నేర్చుకోలేదు. మొగుడి పక్కన పద్నాలుగేళ్ళు కూర్చుని, అతను సగం చుట్టిస్తే తాను సగం చుట్టి నేర్చుకుంది.

ఇంత నోరున్న మనిషి, డబ్బు మాట వచ్చేసరికి మాత్రం గొంతు ఎక్కడ దాచుకునేదో దాచుకునేది. "ఎంతైందక్కా?" అని ఎవరైనా అడిగితే, చేతిలో ఉన్న బేరింగుకేసి చూస్తూ నోట్లోనే గొణిగేది. "ఇప్పుడు చిల్లర లేదే" అంటే, "పర్లేదు, తర్వాత చూద్దాం" అనేసేది. ఆ మనిషి మలుపు తిరిగాక, "తర్వాత చూద్దామన్నాను కదా, నా నోరు పడిపోను!" అని తన్ను తానే తిట్టుకునేది.

ఆ జబ్బు మొగుడి నుంచి అంటుకుంది. అతను నోట్లో నాలుక లేని మనిషి. ఎవరినీ ఇంతివ్వమని అడిగి ఎరగడు. తొమ్మిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి మళ్ళీ ఎత్తలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళతో గదీ, మెట్లూ, వీధీ నిండిపోయాయి. అందులో సగంమంది అతనికి బాకీ ఉన్నవాళ్ళే. "ఎంత మంచివాడమ్మా, ఏనాడూ ఒక్క మాట అడగలేదు" అని వచ్చినవాళ్ళు వచ్చినట్టు కన్నీళ్ళు తుడుచుకున్నారు. ఏడుస్తూనే ఆ మాట వింది ఆవిడ. ఏడుపు ఓ నెలకి ఆగింది. ఆ మాట మీద కోపం మాత్రం ఆగలేదు. అడగకపోవడమేనా మంచితనం? అడగకపోతే ఇవ్వక్కర్లేదా? అప్పుడు బల్ల మీద సగం విప్పిన మోటార్లు పదకొండు ఉన్నాయి, బళ్ళో చదువుకునే కొడుకున్నాడు. వారం తిరక్కుండా కొట్టు తెరిచి కూర్చుంది. తిట్టడం అప్పుడే మొదలైంది. అడగడం మాత్రం రాలేదు.

తర్వాత ఫోన్లలో డబ్బులు వేసే రోజులొచ్చాయి. గోడకి గళ్ళగళ్ళ స్టిక్కరు అంటించుకుంటే సరిపోతుందన్నారు, అంటించింది. అప్పట్నుంచి జనానికి చిల్లర లేదనే సాకుతో కూడా పని లేకుండా పోయింది. "ఇంటికెళ్ళి వేసేస్తానక్కా." "సిగ్నల్ రావట్లేదక్కా." "ఇవాళ్టికి లిమిట్ అయిపోయింది, రేపు పొద్దున్నే నీ ఫోన్ మోగకపోతే నన్నడుగు." ఆ రేపులన్నీ కలిస్తే ఓ ఏడాది పైమాటే.

కొడుకు పెద్దవాడై లారీ డ్రైవరయ్యాడు. పది రోజులు రోడ్డు మీద, రెండు రోజులు ఇంట్లో. పెళ్ళయి మూడేళ్ళయింది. కోడలు నెమ్మది మనిషి. అత్తగారు పది మాటలంటే ఆ పిల్ల ఒకటంటుంది, అదీ అవసరమైతేనే. వచ్చిన నెలకే కొట్లోకి వచ్చి చెక్క అచ్చు తన ముందుకి లాక్కుంది. సన్నటి వేళ్ళు, ఓర్పున్న కళ్ళు. అత్తగారు ఒక కాయిల్ చుట్టేలోపు రెండు చుట్టి, ముడులు వేసి, పక్కన పెట్టేది. "ఫర్వాలేదు" అనేది మోటారక్క. ఆవిడ నోట అంతకన్నా పెద్ద మెప్పు ఎవరూ వినలేదు.

ఒక రోజు లాండ్రీ అతను కొత్త బండి మీద కొట్టు ముందు నుంచి హారన్ కొట్టుకుంటూ, "బాగున్నావా అక్కా" అని చెయ్యూపి వెళ్ళాడు. ఆరు నెలల కిందట అతని మోటారు చేసిచ్చింది. అందులో పైసా రాలలేదు. మోటారక్క చేతిలో ఉన్న సుత్తి బల్ల మీద పడేసిన చప్పుడుకి ఎదురు కొట్టువాడు తొంగిచూశాడు.

"అత్తయ్యా, మీ ఫోన్ ఒకసారి ఇలా ఇవ్వండి" అంది కోడలు. "బ్యాంకువాళ్ళ దాంట్లో 'పంపు' అని ఉంది చూశారా?"

"పంపేంటి? పంపు మనం చేసేదేగా?"

"ఆ పంపు కాదు. డబ్బు పంపడం. దాని కిందే 'అడుగు' అని ఇంకోటుంది. అది నొక్కి, ఎవరినో, ఎంతో చెప్తే, వాళ్ళ ఫోన్‌కి వెళ్తుంది. ఫలానావారు మిమ్మల్ని ఇంత అడుగుతున్నారు అని వాళ్ళకి కనిపిస్తుంది. వాళ్ళు అక్కడే నొక్కితే చాలు, మనకి వచ్చేస్తుంది."

"అడగడమా? ఫోన్లో ముష్టెత్తుకోమంటావా నన్ను?"

"ముష్టి ఎందుకవుతుంది? పని చేశాం కదా."

"మీ మావయ్య ఏనాడూ అడగలేదు."

కోడలు బయటికి చూసింది. కొత్త బండి హారన్ ఇంకా వీధి చివర వినిపిస్తూనే ఉంది. మోటారక్క ఫోన్ చేతిలోకి తీసుకుంది. "నొక్కు" అంది. "ఎక్కడో చెప్పు, నేనే నొక్కుతా."

కారణం రాయడానికి ఒక గడి ఉంది. 'మోటారు వైండింగ్' అని రాసి పంపింది. ఫోన్ని కాలిన కాయిల్‌లాగా వేళ్ళకి దూరంగా బల్ల మీద పెట్టింది. చేతులు తుడుచుకునేలోపే అది టింగుమంది. మొత్తం వచ్చేసింది. కింద ఓ మాట కూడా: 'సారీ అక్కా, మర్చేపోయా.'

సంతోషించాలి నిజానికి. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "ఇంతేనా? ఇంతసేపట్లో అయ్యే పనికా ఆర్నెల్లు తిప్పాడు? నేను అడగలేక కుమిలి చస్తుంటే, వీడికి కనీసం గుర్తే లేదా?"

ఆ రోజు నుంచి మోటారక్క బొటనవేలికి విశ్రాంతి లేదు. నోటితో అనలేనిదంతా కారణం గడిలో దిగడం మొదలుపెట్టింది. రాయగలిగేది యాభై అక్షరాలే. ఆ యాభైలో ఆవిడ తన నోరంతా కుక్కేది. 'మోటారు. మోసి నడుం పట్టిందన్నారు. నాదీ పట్టింది.' 'పోయిన వానాకాలానిది. మళ్ళీ వానలొచ్చాయి.' 'రేపన్నారు. ఇవాళే ఆ రేపు.' కొందరు నవ్వుకుని వేశారు, కొందరు సిగ్గుపడి వేశారు, ఒకరిద్దరు ముఖం ముడుచుకుని వేరే కొట్టు చూసుకున్నారు. "పోనీ" అంది ఆవిడ. "ఇవ్వనివాడు పోతే నాకు తీగ మిగులుతుంది."

మిగిలింది పెద్ద బాకీ ఒకటి. వీధి మొదట్లో నలభై ఇళ్ళున్న అయిదంతస్తుల అపార్టుమెంటుది. దాని సంఘానికి కార్యదర్శి ఓ పెద్దమనిషి. పెద్ద ఆఫీసులో చేసి రిటైరైనవాడు. మడత నలగని చొక్కా, జేబులో రెండు పెన్నులు. మాట్లాడితే ప్రతి మాటకీ కింద గీత గీసినట్టుండేది. ఎండాకాలం నడినెత్తి మీదుండగా వాళ్ళ రెండు మోటార్లూ ఒకే రోజు కాలిపోయాయి. అయిదో అంతస్తువాళ్ళు బకెట్లతో మెట్లెక్కుతున్నారు. "అర్జెంటమ్మా, డబ్బు సంగతి చూడొద్దు" అన్నాడాయన. అత్తాకోడళ్ళిద్దరూ మూడు రోజులు నడుం వాల్చకుండా రెండూ చేసిచ్చారు. అంత తీగ కొట్లో లేక, అరువు తెచ్చి మరీ చుట్టారు. పైపుల్లో నీళ్ళు ఎక్కుతుంటే నలభై ఇళ్ళవాళ్ళూ బాల్కనీల్లోకొచ్చి చప్పట్లు కొట్టారు.

అది జరిగి నాలుగు నెలలు. ఎప్పుడు కనబడినా, "ప్రాసెస్‌లో ఉందమ్మా" అనేవాడు. తీగ దుకాణంవాడికి ఆ ముక్క చెప్తే వాడు ఊరుకోడు కదా. ఆవిడ చేతి గాజులు తాకట్టు పెట్టి తీర్చింది.

కార్యదర్శి పేరు వెతికి పట్టుకుని, బాకీ మొత్తం పద్దెనిమిది వేలూ వేసి, 'రెండు మోటార్లు. నలభై ఇళ్ళ నీళ్ళు. నాలుగు నెలలు.' అని రాసి నొక్కింది. గంట గడిచింది. ఫోన్ మోగింది, కానీ అది డబ్బు టింగు కాదు. ఎర్రటి అక్షరాలు: 'మీ అభ్యర్థన తిరస్కరించబడింది.'

మర్నాడు పొద్దున్న ఆయనే కొట్టు ముందు దిగాడు. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు, నూనె అంటుకుంటుందేమోనని.

"ఏమ్మా, ఏమిటది? నోటీసులు పంపిస్తున్నావా నాకు?"

"నోటీసు కాదండీ. అడిగాను."

"నిన్న మా అల్లుడి చేతిలో ఉంది ఫోను. ఫొటోలు చూపిస్తుంటే టపీమని వచ్చింది. ఎవరో మనిషి నన్ను డబ్బడుగుతోందని! వాళ్ళ ముందు నా పరువేం కావాలి? మర్యాదస్తులతో వ్యవహరించే పద్ధతేనా ఇది? మీ ఆయన ఎంత మంచివాడు! ఒక్కనాడూ నోరెత్తి అడగలేదు."

ఆ మాట పడ్డంతో మోటారక్కలో ఏదో తెగింది. మామూలుగా అయితే వీధంతా వినిపించేది. ఆ రోజు ఎంత నెమ్మదిగా మాట్లాడిందంటే, కోడలు చేతిలో తీగ ఆపి తలెత్తింది.

"అందుకే ఆయన బల్ల మీద చచ్చిపోయాడండీ. మీరేమో స్నానం చేసి బాల్కనీలో తల ఆరబెట్టుకుంటున్నారు. పరువు గురించి రేపు మాట్లాడుకుందాం. డబ్బు ఇవాళ వెయ్యండి."

ఆయన వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దాకా చూసి ఆవిడ మళ్ళీ నొక్కింది. ఈసారి కారణం గడిలో: 'నీళ్ళు వస్తున్నాయా? వస్తే నా డబ్బూ రావాలి.'

రెండు రోజులకి ఫోన్ తెరిస్తే 'అడుగు' అన్న అక్షరాలు బూడిదరంగులోకి మారి ఉన్నాయి. నొక్కితే కదలట్లేదు. కింద సన్నటి అక్షరాలు. కోడలు చదివింది. "మీరు తెలియనివారిని డబ్బు అడుగుతున్నట్టు ఫిర్యాదు అందినందున, ఈ సదుపాయం తాత్కాలికంగా నిలిపివేయబడినది."

"తెలియనివారా? ఎవరికి ఎవరు తెలియదు?"

బ్యాంకుకి వెళ్ళారు ఇద్దరూ. టోకెన్ తీసుకుని గంటన్నర కూర్చున్నాక, మెడలో కార్డు వేలాడుతున్న కుర్రాడొకడు కంప్యూటర్లో చూసి చెప్పాడు.

"అమ్మా, అడిగినప్పుడు అవతలివాళ్ళకి మూడు దారులుంటాయి. ఇవ్వొచ్చు, వద్దనొచ్చు, లేదా 'ఈ వ్యక్తి నాకు తెలియదు' అని నొక్కొచ్చు. ఈ మధ్య మోసాలు ఎక్కువయ్యాయి కదా. ఎవరో ఎక్కడి నుంచో అడుగుతారు, పాపం పెద్దవాళ్ళు తెలియక నొక్కేస్తారు. అందుకే అలా ఎవరైనా చెప్తే మేం వెంటనే ఆపేస్తాం."

"అంటే నేను మోసగత్తెననా?"

"మేం అనట్లేదమ్మా. సిస్టమ్..."

"నేనెవరో తెలియదని రాసిందెవరు?"

"అది చెప్పకూడదండీ."

చెప్పక్కర్లేదు. రెండు రోజుల్లో ఆవిడ అడిగింది ఒక్కరినే. మోటారక్క అరుస్తుందనుకుని ఆ కుర్రాడు ముందే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆవిడ అరవలేదు. గాజు తెర అవతల తిరుగుతున్న ఫ్యానుకేసి చూస్తూ ఉండిపోయింది. ఇవ్వనన్నా ఇంత మండేది కాదు. పదకొండేళ్ళుగా ఆ బిల్డింగు నీళ్ళు ఎక్కేది ఈ చేతులు చుట్టిన తీగ మీద. మొదటిసారి మొగుడితో కలిసి ఆ మోటార్లు బిగించినప్పుడు పక్కన నిలబడి గొడుగు పట్టింది ఆ పెద్దమనిషే. తెలియదట!

"ఇప్పుడేం చెయ్యాలి?" అని కోడలు అడిగింది.

"ఫిర్యాదు చేసినవారు ఒక కాగితం మీద వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టి ఇస్తే, ఆ రోజే తెరుస్తాం. లేకపోతే విచారణ జరగాలి, నెలన్నర పడుతుంది." కుర్రాడు ఒక ఫారం తీసి ఇచ్చాడు. తర్వాత గొంతు తగ్గించి, "మా ఇంటి మోటారు కూడా మీరే చేశారమ్మా, నాకు తెలుసు మీరు" అన్నాడు.

"నీకు తెలిస్తే ఏం లాభం నాయనా. నీ సంతకం చెల్లదుగా" అని ఫారం మడిచి చేత్తో పట్టుకుని లేచింది.

ఆదివారం పొద్దున్న అపార్టుమెంటు పార్కింగులో సంఘం మీటింగు. కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు, ఓ పాతిక ముప్పైమంది జనం. కార్యదర్శి నిలబడి గేటుకి ఏ రంగు వెయ్యాలో చెబుతున్నాడు. అత్తాకోడళ్ళు లోపలికి నడిచారు. వాచ్‌మన్ ఆపబోయి, ఆవిడ ముఖం చూసి పక్కకి తప్పుకున్నాడు.

"మీటింగు జరుగుతోందమ్మా, తర్వాత రా" అన్నాడు కార్యదర్శి.

"ఒక్క మాటే అడిగి పోతానండీ. నేనెవరో మీకు తెలుసా, తెలియదా?"

"ఏమిటా ప్రశ్న?"

"తెలుసా, తెలియదా?"

"తెలియకపోవడమేంటి..."

"తెలియదని బ్యాంకుకి రాశారు." మోటారక్క జనంకేసి తిరిగింది. ఇప్పుడు వచ్చింది గొంతు, తొమ్మిదేళ్ళు దాచినదంతా. "వినండమ్మా, వినండయ్యా! మీ అందరికీ నేను తెలుసు. మీ ట్యాంకు తెలుసు, మీ పైపులు తెలుసు, ఏ అంతస్తులో వాల్వు కారుతుందో తెలుసు. ఎండల్లో రెండు మోటార్లూ కాలిపోతే మూడు రోజులు ఈ పిల్లా నేనూ నిద్రల్లేకుండా చుట్టిచ్చాం. అరువు తీగ! నాలుగు నెలలయింది, చిల్లిగవ్వ లేదు. ఫోన్లో అడిగితే ఈయన నేనెవరో తెలియదని నొక్కాడు. బ్యాంకువాళ్ళు నన్ను దొంగల్లో కలిపేశారు!"

మూడో అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని లేచింది. జీవితమంతా పిల్లల్ని నిలబెట్టి అడిగిన గొంతు ఆవిడది.

"కార్యదర్శిగారూ, మోటార్లకని మనం ఇంటికింత అని వేశాం కదా? ఆ నెల్లోనే?"

"వేశారు. దాన్ని... ముందు అత్యవసరమైన వాటికి సర్దుబాటు చేశాం."

"నీళ్ళకన్నా అత్యవసరమైంది ఏమిటండీ?"

ఆయన కళ్ళు లిఫ్టువైపు పోయాయి. అందరి తలలూ అటే తిరిగాయి. లిఫ్టు పక్కన కొత్తగా బిగించిన నిలువుటద్దం, దాని చుట్టూ బంగారు రంగు చట్రం, పైన నల్లరాతి పలక మీద సంఘం కార్యవర్గం పేర్లు. అద్దంలో అందరి ముఖాలూ కనిపిస్తున్నాయి. ముందు ఒకరెవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

"డబ్బు సంగతి మీలో మీరు చూసుకోండి" అంది మోటారక్క. "ఇవాళ నేను డబ్బుకి రాలేదు. ఈ కాగితం మీద, ఈవిడ నాకు తెలుసు అని రాసి సంతకం పెట్టండి. చాలు."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. రాయలేదు. రెండోది తీశాడు, అదీ రాయలేదు. సిరా అయిపోయిందో ఏమో దేవుడికే తెలియాలి. చివరికి టీచరమ్మ తన పెన్నిచ్చింది. కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని, ముప్పైమంది చూస్తుండగా ఆ పెద్దమనిషి రాశాడు. 'ఈమె నాకు తెలుసు.' ఆవిడ కాగితం కోడలి చేతికిచ్చి, "తప్పుల్లేకుండా ఉందా?" అని అడిగింది. "ఉంది అత్తయ్యా" అంది కోడలు.

సోమవారం బ్యాంకులో కాగితం ఇచ్చారు. మధ్యాహ్నానికి బూడిదరంగు అక్షరాలు నల్లబడ్డాయి. డబ్బు మంగళవారం వచ్చింది, పద్దెనిమిది వేలూ ఒకేసారి. కార్యదర్శి పేరు మీద కాదు. సంఘానికి కొత్త కోశాధికారిగా టీచరమ్మ పేరు మీద వచ్చింది. చేతి గాజులు వెనక్కొచ్చాయి. కొన్నాళ్ళు ఆ వీధిలో అదే కబురు. మోటారక్కని చూసి, "అక్కా, మేం నీకు తెలుసు కదా?" అని వేళాకోళం చేసేవాళ్ళు. ఆవిడ నవ్వేది కాదు. ఇంతమంది ముందు అరిస్తే తప్ప, పదకొండేళ్ళు తెలిసినవాడి చేత తెలుసనిపించుకోలేకపోయానన్నది ఆవిడ లోపల అలాగే రగులుతూ ఉండిపోయింది.

ఆ నెలాఖరున, ఓ మధ్యాహ్నం. అత్తాకోడళ్ళు బల్లకి చెరో పక్కనా కూర్చుని పని చేసుకుంటున్నారు. కోడలు అచ్చు మీద తీగ చుడుతోంది. మోటారక్క ఫోన్ టింగుమంది. చేతులు తుడుచుకుని తీసి చూసింది. ఎవరో తనని డబ్బడుగుతున్నారు. తను ఎవరికీ బాకీ లేదే! పేరు చూసింది. మళ్ళీ చూసింది. తలెత్తి ఎదురుగా చూసింది. కోడలు తల దించుకుని చుట్లు లెక్కపెడుతోంది.

కారణం గడిలో ఇలా ఉంది: 'పోయిన నెల వైండింగ్ పని. ముప్పై ఒక్క మోటార్లు.'

"ఏమిటే ఇది?"

"అడిగాను అత్తయ్యా."

"ఎదురుగా కూర్చుని ఫోన్లో అడుగుతావా?"

"నోటితో అడగలేకపోయాను."

"ఇంట్లోవాళ్ళ దగ్గర జీతమా? ఎక్కడైనా విన్నామా? నీకిక్కడ తిండి లేదా, బట్టల్లేవా? ఈ కొట్టంతా రేపు ఎవరిది? మీదే కదా!"

"నేనడిగింది రేపటిది కాదు, పోయిన నెలది." కోడలు తీగ చివర ముడి వేసి, కాయిల్‌ని అచ్చులోంచి తీసి పక్కన పెట్టింది. "మూడేళ్ళది అడగలేదు. ఒక్క నెలది."

ఆ రోజు మోటారక్క అరిచిన అరుపులకి ఎదురు కొట్టువాడు షట్టరు సగం దించేశాడు. విశ్వాసం లేదంది, నా ఆయుధంతో నన్నే పొడిచావంది, కొడుక్కి ఫోన్ చేసి నీ పెళ్ళాం నాకు నోటీసిచ్చిందని చెప్పింది. వాడు లారీ పక్కకి ఆపి అంతా విని, "ఎన్ని మోటార్లు చేసిందమ్మా?" అని మాత్రం అడిగాడు. ఫోన్ కట్టేసింది. కోడలు ఇంకో అచ్చు బిగించుకుని పని చేసుకుంటూ కూర్చుంది. అరుపులు కాస్త తగ్గాక, తల ఎత్తకుండానే, "మీరు పద్నాలుగేళ్ళు చుట్టారు కదా అత్తయ్యా. మావయ్యగారు మీకేమైనా ఇచ్చేవారా?" అని అడిగింది.

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

ఆ తర్వాత రెండు రోజులూ ఆవిడ మోటార్ల మీద సుత్తి మామూలు కన్నా గట్టిగా వేసింది. మొగుడు ఇవ్వలేదు. అతన్ననడానికి లేదు, అతను ఇవ్వననలేదు. తను అడగలేదు. అడగాలని తోచనే లేదు. పద్నాలుగేళ్ళు సగం బల్ల తనదై ఉండి కూడా, ఈ పని చేసినందుకు నాకూ ఏదో రావాలి కదా అన్న ముక్క బుర్రలోకి రాలేదు. లాండ్రీ అతను గుర్తే లేదన్నప్పుడు ఎంత మండిందో, ఇప్పుడు తన మీద తనకి అంతకన్నా ఎక్కువ మండింది. మూడేళ్ళుగా ఆ పిల్ల చుట్టిన కాయిళ్ళు బిగిస్తూ, డబ్బు తన ఫోన్లో టింగుమంటుంటే వింటూ, తనకీ ఏమీ గుర్తు రాలేదు కదా!

మూడోరోజు పొద్దున్న కొట్టు తెరిచి, బల్ల తుడిచి, ఫోన్ తీసింది. కళ్ళజోడు పెట్టుకుని, 'ఇవ్వు' అన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కింది. ఎదురుగా కోడలి ఫోన్ మోగింది. ఆ పిల్ల చూసుకుంది, కళ్ళు ఎర్రబడ్డాయి, నోరు తెరిచి ఏదో అనబోయింది.

"ఆగు" అంది మోటారక్క. కోపం ఇంకా అలాగే ఉంది గొంతులో. "ముప్పై ఒకటని ఎవరు చెప్పారు నీకు? ముప్పై మూడు. హాస్టలువాళ్ళ రెండు చిన్న మోటార్లూ ఎవరు చుట్టారు, నేనా? అడిగేదేదో సరిగ్గా అడగాలని తెలియదా? ఇంత చదువుకుని ఏం లాభం?"

"ఆ రెంటికీ చుట్టింది ఒక్కో కాయిలే కదా అత్తయ్యా, ఎందుకులే అని..."

"ఎందుకులే ఏంటి? ఆ ముక్క ఇంకోసారి ఈ కొట్లో వినబడకూడదు. అడుగు."

కోడలు చేతులు తుడుచుకుని ఫోన్ అందుకుంది. మోటారక్క వైసులో కొత్త మోటారు బిగించి, మూత విప్పి, లోపలి వాసన చూసి, దాన్ని తెచ్చినవాళ్ళని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతుండగానే బల్ల మీద ఆవిడ ఫోన్ టింగుమంది.